పదకొండు పేర్లు, నాలుగు సంతకాలు

మాచర్లలో నేను పదవ తరగతి చదివినది 1995-96 విద్యాసంవత్సరంలో. పబ్లిక్ పరీక్షలకు ఇంకా నెలరోజులు ఉందనగా మా బడిలోని క్రైస్తవ విద్యార్థులం కొందరం కలిసి ఒక ప్రార్థన కూడిక జరుపుకోవాలని తలపెట్టాం. పాస్టరుగారు ఉండకూడదు, పెద్దలెవరూ ఉండకూడదు, అంతా మాకు మేమే నడుపుకోవాలన్నది మా పట్టుదల. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు బర్ల్‌సన్ అనే ఊళ్ళో కొందరు విద్యార్థులు 1990లో బడి జెండాకొయ్య చుట్టూ చేరి ప్రార్థించారనీ, అది ఏటా సెప్టెంబరు నాలుగో బుధవారం జరిగే ఆనవాయితీ అయిందనీ చాలా ఏళ్ళ తరువాత చదివినపుడు నాకు నవ్వు వచ్చింది. మేమూ మొదట జెండాకొయ్య దగ్గరే అనుకున్నాం. నీడ లేదని మానుకుని వేపచెట్టు కిందికి మారాం. పలనాటి మార్చి ఎండ ఎరిగినవారికి వేరే వివరణ అక్కరలేదు. రెంటచింతల మా పొరుగూరే మరి.

మొత్తం పదకొండుమందిమి. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, రెంటచింతల వైపునుంచి బస్సులో వచ్చే కతోలికులు ముగ్గురు. ఏ పాట పాడాలన్న చర్చకే మూడు మధ్యాహ్నాలు ఖర్చయ్యాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి పాడదామని నేనన్నాను. అవి ముసలివాళ్ళ పాటలని పెంతెకొస్తు మిత్రుడు కొట్టిపారేశాడు. వాడికి చప్పట్లు కావాలి, లూథరన్లకు చప్పట్లు కూడవు. మరియమ్మ జపం చెప్పుకోవచ్చునా అని కతోలికులు అడిగేసరికి కూడిక అక్కడే విచ్ఛిన్నమయ్యేదే. చివరికి ఒక నిమిషం మౌనంగా ఎవరి ప్రార్థన వారు చేసుకునేట్టు రాజీ కుదిరింది. చెప్పులు విడిచి కూర్చోవాలన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ రాలేదు.

ప్రధానోపాధ్యాయులు సాంఘికశాస్త్రం చెప్పేవారు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన కథ మా ఊరిది కదా అని మురిసిపోయేవారు. మా కోరిక విని కాసేపు ఆలోచించారు.

"ఇది ప్రభుత్వ బడి. మతబోధ ఇక్కడ కుదరదు, రాజ్యాంగంలో 28వ అధికరణం అదే చెబుతోంది. అయితే బడి వదిలాక, మైకు లేకుండా, ఎవరినీ బలవంతపెట్టకుండా మీ అంతట మీరు ఒక పావుగంట దేవుణ్ణి తలుచుకుంటానంటే నేను కాదననయ్యా. ఒక అర్జీ రాసి, అందరూ పేర్లు వేసి సంతకాలు చేసి ఇవ్వండి."

ఇంతకంటే న్యాయమైన మాట ఆ స్థానంలో ఉన్నవారెవరూ చెప్పలేరని ఇప్పటికీ నా అభిప్రాయం.

దస్తూరి బాగుంటుందని అర్జీ నన్నే రాయమన్నారు. రాత్రి లాంతరు దగ్గర కూర్చుని "మహారాజశ్రీ" తో మొదలుపెట్టి చక్కగా రాశాను. కింద పదకొండు పేర్లూ వరుసగా వేశాను. నాన్న నాపరాళ్ళ గనిలో పని ముగించుకుని వచ్చి, ఒంటినిండా ఆ తెల్లని దుమ్ముతోనే నా వెనక నిలబడి చదివారు. ఆదివారం గుడిలో డోలకు వాయించేది ఆయనే. సంతోషిస్తారనుకున్నాను.

"పోయి ప్రార్థన చేసుకో నాయనా. ఆ కాయితం మీద మాత్రం సంతకం పెట్టమాక."

ఎందుకని అడిగాను. మా అక్క పెట్టె తెరిచి కులధ్రువీకరణ పత్రం తీసి చూపించారు. అక్క అప్పటికి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆ పత్రంలో మా కులం పేరుకు ముందు "హిందూ" అని ఉంది. నా బడి రికార్డులోనూ అంతే.

తెలియని చదువరుల కోసం రెండు మాటలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారు కాగలరు. సిక్కులకు 1956లోనూ, బౌద్ధులకు 1990లోనూ ఆ అర్హత విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మా రాష్ట్రంలో మతం మారిన దళితుడు బీసీ-సీ అవుతాడు, అక్కడ ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. మతం మారినవారికి షెడ్యూల్డు కుల హోదా ఉండదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరోసారి చెప్పింది. మతం మారితే మాల మాదిగ పేటలు ఊరి మధ్యకు జరిగిపోతాయా అన్న ప్రశ్న అడగడం అప్పటికి నాకు చేతకాలేదు. వినుకొండలో 1895లో పుట్టి, క్రైస్తవ ఇంట పెరిగి, కులపు కాటు తిన్న జాషువాను చదివాక చేతనయింది.

మర్నాడు అర్జీ చేతులు మారింది. సాయంత్రానికి నాలుగే సంతకాలు. మూడు ఆ కతోలికులవి. వాళ్ళు రెడ్లు, ఎటు రాసినా ఓసీలే. నాలుగోది, తండ్రి ముందే బీసీ-సీ అని రాయించిన ఒక లూథరన్ పిల్లవాడిది. మిగిలిన ఏడుగురిలో ఎవరూ ఎవరినీ కారణం అడగలేదు. ఒకడు కలం రాయడం లేదన్నాడు. ఒకడు చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"దేవుడి పేరు చెప్పుకోడానికి కూడా భయమేనా మీకు? కోడి కూయకముందే పేతురులయ్యారు కదరా!" అన్నాడు రెంటచింతల మిత్రుడు. మంచివాడు. తన టిఫిను నాతో పంచుకోని రోజు లేదు. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు. వాడు పెట్టిన సంతకానికి సిరా తప్ప మరేమీ ఖర్చు కాదని ఆ వయసులో నేను మాటల్లో పెట్టలేకపోయాను.

ప్రధానోపాధ్యాయులు అర్జీ చూశారు. పేర్లన్నీ నా దస్తూరిలోనే ఉన్నాయి, నా పేరు ఎదుట ఖాళీ. తల ఎత్తి నా వంక చూసి, ఏమీ అనకుండా సొరుగులో పెట్టుకున్నారు. జరుపుకోమన్నారు.

కూడిక పావుగంటకు మించలేదు. చప్పట్లు కొట్టాం, తరువాత మౌనంగా ఉన్నాం. హాల్ టిక్కెట్లన్నీ మధ్యలో పేర్చి ప్రార్థన చేశాం. ప్రార్థనకు ముందు, మాతో సంబంధం లేని ఇద్దరు వచ్చి తమవీ ఆ దొంతిలో పెట్టి పక్కన నిలబడ్డారు. అందులో ఒకడు మర్నాడు చెన్నకేశవస్వామి గుడికి వెళుతూ నా హాల్ టిక్కెట్టు కూడా అడిగి తీసుకుపోయాడు. నేను చివరి వరుసలో, రోడ్డుమీద వెళ్ళేవారికి కనబడకుండా చెట్టు మొదలు చాటున కూర్చున్నాను.

నాన్న 2011లో పోయారు. గనిలో ఆయనతో పనిచేసినవారు మంచి మాచర్ల బండ ఒకటి ఎంచి, శిలువ చెక్కి సమాధి మీద నిలబెట్టారు. మరణం నమోదు చేయించడానికి కార్యాలయానికి వెళితే గుమాస్తా ఫారం పూర్తి చేస్తూ ఒక్కొక్క గడీ అడిగాడు. పేరు, వయసు, వృత్తి.

"మతం?"

మా అమ్మాయి ఆ ఏడే బడిలో చేరింది. బయట ఆటోలో పాస్టరుగారు ఒళ్ళో బైబిలు పెట్టుకుని నాకోసం ఎదురుచూస్తున్నారు.

"హిందూ అని రాయండి" అన్నాను.