జాలపాదుల పట్టణమున కార్తికమాసము

మన గోదావరిసీమలో వానకొక మర్యాద కలదు. వచ్చుటకు ముందు ఈదురుగాలిచే కబురంపును, ఉఱిమి హెచ్చరించును, ఆరవేసిన బట్టలను, ఎండబోసిన ఒడియములను లోనికి తెచ్చుకొనుటకు గృహిణికి కొంత వ్యవధి నొసగును. పిమ్మట చూరు ధారగట్టునట్లు కురిసి, తన పని తీర్చుకొని వెడలిపోవును. అమెరికా దేశమున ఒరెగాన్ రాష్ట్రములోని యూజీన్ పట్టణమున నేను చూచిన వాన అట్టిది కాదు. అది చెప్పి రాదు, చెప్పి పోదు. ఉఱుము లేదు, మెఱుపు లేదు. కవ్వము త్రిప్పునపుడు కుండ పైకెగయు మజ్జిగ తుంపరవలె రేయింబవళ్లు సన్నగా పడుచునే యుండును.

2023వ సంవత్సరము అక్టోబరు నెలాఖరున నేనచ్చటికి పోయితిని. మా తమ్ముడు ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండెను. మఱదలికి తొలికాన్పు. ఆమె తల్లిగారి ఆరోగ్యము దూరప్రయాణమునకు చాలనందున, ఆడబిడ్డనగు నేనే పురిటి పనులకు బయలుదేరవలసివచ్చినది. మా వారికి బడి సెలవు లేదు. పిల్లలను అత్తగారి కప్పగించి, శొంఠియు, వామును, కాయపుమందును మూటగట్టుకొని విమానమెక్కితిని.

మొదటి వారమే నాకును ఆ వానకును పోరు ప్రారంభమైనది. పసిబిడ్డ పొత్తిగుడ్డలను ఉతికి వరండాలో తీగపై నారవేసితిని. మూడుదినములు గడచినను అవి తడియారలేదు సరికదా, ముక్కవాసన గొట్టినవి. మఱదలు నవ్వాపుకొనుచు, “వదినగారూ! ఈ యూర మే నెల వచ్చువఱకు తీగమీద బట్ట లారవు. అదిగో, ఆరబెట్టు యంత్రము” అని చూపినది. నాటినుండి ఎండతో పనిలేని ఆ యంత్రమునకే దండము పెట్టుచు వచ్చితిని.

ఆ రాత్రి మా వారు టెలిఫోనులో నా మొఱ విని, భూగోళపాఠ మొకటి చెప్పిరి. చలికాలమున పసిఫిక్ మహాసముద్రమునుండి తేమగాలులు తూర్పునకు వీచును. తీరమునకు చేరువగా నొక కొండలవరుసయు, దాని కావల కాస్కేడ్ పర్వతములును కలవు. ఈ రెంటి నడుమ లోయలో యూజీన్ ఉన్నది. గాలులు కొండలనెక్కుచు చల్లబడి, తమ నీటిని ఇచ్చటనే విడిచివేయును. కాస్కేడ్ పర్వతములు దాటినచో అంతయు మెట్ట. మన పడమటి కనుమలకు తూర్పున అనంతపురము వానకు మొగము వాచినట్లే. దీనినే వర్షచ్ఛాయ యందురట. వింత యేమనగా, ఏడాది మొత్తమున యూజీన్‌లో పడు వాన సుమారు 40 అంగుళములు. మన కోస్తా సీమ వానయు ఇంచుమించు అంతియే. మనకు నాలుగు నెలలు కుండపోతగా వచ్చునది, వారికి అక్టోబరునుండి మే వఱకు చినుకు చినుకుగా వచ్చును. మన శ్రావణ భాద్రపదములు వారికి ఎండకాలము.

ఇట్టి తడిలోను ఆ పట్టణస్థులు గొడుగు పట్టరు. తలగుడ్డ కుట్టిన కోటు తొడిగికొని, వాన లేనట్లే నడచిపోవుదురు. పూర్వ మీ ప్రాంతమువారిని ‘వెబ్‌ఫుట్’లని పిలిచెడివారు, అనగా బాతులవలె వేళ్లనడుమ తోలుగలవారు. మన సంస్కృతములో జాలపాదములనిన సరిపోవును. విశ్వవిద్యాలయపు బంతియాట జట్టునకును ఆ పేరే యుండెడిది. క్రమముగా ‘డక్స్’ అనగా బాతులనునది స్థిరపడినది. 1947లో విశ్వవిద్యాలయ క్రీడాధ్యక్షుడగు లియో హారిస్ వాల్ట్ డిస్నీని కలిసికొని, డొనాల్డు బాతు బొమ్మను తమ జట్టునకు గుర్తుగా వాడుకొనుటకు కేవలము కరచాలనముచే అనుమతి పొందెనట. తమ జట్టు పాయింట్లు సంపాదించినప్పుడెల్ల బాతు వేషధారి యొకడు, అప్పటికెన్ని పాయింట్లైన అన్ని దండీలు తీయును!

ఆ నవంబరులో పట్టణమంతయు నొకే మాట: “ఇరువదినాలుగవ తేది.” అంగడిలోను, బస్సులోను, బిడ్డను చూపుటకు పోయిన వైద్యశాలలోను అదే ప్రసంగము. మా తమ్ముని నడిగితిని. “అక్కయ్యా, ఆనాడు కార్వాలిస్ వాళ్లతో మ్యాచ్. ఇక్కడ అది మన సంక్రాంతి లాంటిదనుకో” అన్నాడు.

వారి ఫుట్‌బాల్ మనమెఱిగిన కాలిబంతి కాదు. బంతి కొబ్బరికాయవలె రెండు కొసల సన్నముగా నుండును. పక్షమునకు పదునొకండుగురు, శిరస్త్రాణములు, భుజకవచములు ధరింతురు. బంతి చేతనున్న పక్షము నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదిరివారికి పోవును. అవతలి హద్దు దాటించిన ఆఱు పాయింట్లు. కొయ్యలనడుమగా తన్నిన మూడు. గడియారపు లెక్కకు అఱువది నిమిషముల ఆటయే. ఆగుచు సాగుచు మూడుగంటలకు పైగా నడచును. కాశీమజిలీ కథ యనుకొంటిని.

కార్వాలిస్ యూజీన్‌కు ఉత్తరముగా సుమారు నలువది మైళ్లలో ఉన్నది. ఆ పేరునకు లాటిన్ భాషలో ‘లోయ హృదయ’మని యర్థము. రెండు పట్టణములకు నది యొక్కటే; విల్లామెట్ నది యూజీన్ మీదుగా వచ్చి, కార్వాలిస్ ప్రక్కనుండి ఉత్తరమునకు పోయి, పోర్ట్‌లండ్ కడ కొలంబియా నదిలో కలియును. ఉత్తరవాహిని యని విని నేను మనసున నొక నమస్కార మర్పించితిని. కార్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టు పేరు ‘బీవర్లు’; ఏటి కడ్డముగా కొమ్మలతో ఆనకట్టలు గట్టు జంతు వది. 1894లో కార్వాలిస్‌లో జరిగిన తొలియాటలో వారే 16–0 గెలిచిరి. నాటినుండి నూఱింటికి మించిన ఆటలు జరిగినవి. ఈ పోరును చిరకాలము ‘సివిల్ వార్’ అనిరి. బానిసత్వముకొఱకు జరిగిన యుద్ధమును ఆటకు పేరుగా వాడరాదని 2020లో ఆ పేరు మానివేసిరి. గెలిచినవారికి చెక్కతో చెక్కిన ప్లాటిపస్ బొమ్మ కానుక. బాతుముక్కును, బీవరు తోకను గల జంతువు గదా! 1959లో నొక విద్యార్థి దానిని చెక్కెను.

మా ప్రక్కయింటిలో డెబ్బదియైదేండ్ల వృద్ధురాలొకతె ఒంటిగా నుండెడిది. ఆమె తలుపుపైనున్న జెండా సగము పచ్చ పసుపులు, సగము నారింజ నలుపులు. ఆమె కార్వాలిస్‌లో చదివినది. భర్త యూజీన్‌లో చదివినవాడు. అతడు పోయి రెండేండ్లయ్యెను. బిడ్డకొఱకు అల్లిన కుల్లాయి నిచ్చుటకు వచ్చిన ఆమెకు నేను అల్లపు తేనీరిచ్చితిని. నాటినుండి దినమున కొకతూరి వచ్చెడిది.

“మా యింట ఏటేట నవంబరులో జగడమే” అని యామె నవ్వినది. “ఓడినవారు వారము దినములు అంట్లు తోమవలెను. 1983లో మాత్రము జగడము లేకపోయినది.” ఆ ఏడు నవంబరు 19వ తేదిని యూజీన్‌లో, జోరువానలో ఆట జరిగెను. తడిసిన బంతి యెవరి చేతను నిలువలేదు. ఇరుపక్షములు కలిసి పదునొకండుమార్లు బంతిని ఎదిరికి విడిచిరి. నాలుగుమార్లు తన్ను గుఱి తప్పిరి. తుదకు సున్నకు సున్న. పత్రికలవారు దానిని పాయిఖానాతో పోల్చి నవ్విరి. 1996నుండి సమానమైన ఆటలను అదనపు ఆటచే తేల్చు నియమము వచ్చినందున, ఆ పెద్ద తరగతి కళాశాలల ఆటలలో అదియే కడపటి సున్న ఆటగా నిలిచిపోయినది. “లోకమంతయు దానిని చెడ్డయాట యన్నది. మేమిద్దఱము తడిసి ముద్దయై ఇంటికి వచ్చి, కలిసి అంట్లు తోముకొంటిమి. నా బ్రతుకులో అంత మంచియాట చూడలేదు” అన్నది.

ఈ ఏటి ఆట కొక విశేషమున్నదని ఆమెయే చెప్పినది. పసిఫిక్ తీరమున పండ్రెండు విశ్వవిద్యాలయములు ఒక కూటమిగా నుండి తమలో తా మాడుకొనెడివి. టెలివిజన్ హక్కులవలన వచ్చు ధనము ఎక్కువ తక్కువలై, 2024నుండి పది కూటమిని విడిచిపోవుట నిశ్చయమైనది. యూజీన్‌వారు మధ్యదేశపు కూటమిలో చేరిరి. మిగిలినవి రెండే, అందు కార్వాలిస్ ఒకటి. కావున పాతకూటమి బంధుత్వమున జరుగు ఆట ఇదియే కడపటిది.

ఇది వినగనే నాకు కోనసీమలోని జగ్గన్నతోట తలపునకు వచ్చినది. కనుమనాడు ఏకాదశ రుద్రులను పదునొకండు గ్రామములనుండి ప్రభలపై మోసికొని వత్తురు గదా! గంగలకుఱ్ఱువారు కౌశిక నీటిలో దిగి భుజములపై ప్రభనెత్తి దాటించునప్పుడు గట్టుననున్నవారి గుండె లాగిపోవును. మా ప్రభ యెత్తు, మీ ప్రభ పొట్టి యని పోటీపడుటయు కలదు. కాని ఆ పోటీకి అందఱు రావలెను. ఊళ్లన్నియు ధనమెక్కువ వచ్చు వేఱొక తీర్థమునకు పోయి, రెండూళ్ల రుద్రులు మాత్రమే తోటలో మిగిలినచో, ఆ రెండూళ్ల ఆడువారు ఎవరికొఱకు ముగ్గు లిడుదురు? ఆ పోలిక చెప్పగా ఆమె నా చేయి పట్టుకొని, కొంతసేపు మాటలాడలేదు.

మా తమ్మునికడ రెండు చీట్లుండెను. ఒకటి మఱదలికని కొనెను. బాలింత గనుక నన్ను రమ్మనెను. నిజము చెప్పవలయునన్న, అప్పటికి నాకును ఆ యాటపై మోజు పుట్టినది. ఏబదివేల జనము చేరు ఆట్జెన్ క్రీడాంగణమును చూచి వచ్చి, మా పిల్లలకు కథలు చెప్పవలెనని యుండెను.

గురువారము సాయంకాలము, ఆ దేశపు కృతజ్ఞతాదినము. అచ్చటి కాలమానమున అదియే మన క్షీరాబ్దిద్వాదశి. ఉసిరికొమ్మ దొరకలేదు. కిటికీలో పెంచిన చిన్న తులసికుండను వరండాలోనికి తెచ్చి దీపము పెట్టితిని. ముసలమ్మ వచ్చి, ఏమి పండుగ యని అడిగినది. చాతుర్మాస్యమున నిద్రించిన శ్రీహరి నిన్న మేల్కొనెననియు, నేడు తులసితో కల్యాణమనియు, వానకాలము వెడలి దీపకాలము వచ్చుటకు మా యింట ఇది గుర్తనియు చెప్పితిని.

ఆమె ఆకాశమువంక చూచినది. మబ్బు విచ్చి, చలిగాలి తోలుచుండెను. “మీకు వాన పోయిన పండుగ, మాకు వానతో వచ్చు పండుగ. రేపు చినుకైనను పడదట. కడపటియాట పొడిగా గడచిపోవునేమో!” అన్నది. మఱల మెల్లగా, “ఆయన వానకోటు ఇంకను తలుపువెనుకనే తగిలించియున్నది” అన్నది.

నేను లోనికిపోయి, నా చీటి తెచ్చి ఆమె చేత బెట్టితిని. వలదన్నది. నేను బిడ్డకు నీళ్లు పోయవలెనంటిని. అది సాయంకాలము ఐదున్నరకు ఆరంభమగు ఆట. ఆ వేళ ఏ బిడ్డకును నీళ్లు పోయరని ఇద్దఱము ఎఱుగుదుము.

మఱునాడు ఆమె మా తమ్మునితో బయలుదేరినది. ఒంటిపై భర్తయొక్క పచ్చని వానకోటు, మెడలో తన నారింజరంగు ఉన్నిపట్టి. కోటు చేతులు ఆమె వేళ్లను దాటి వ్రేలాడుచుండెను. పొడిదినమున వానకోటు తొడిగిన ఆమెను చూచి వీథిలో నొక్కరును నవ్వలేదు. నదిపై కాలివంతెనదాక జనము వరుసగా సాగుచుండిరి. మా యిల్లు నదికి చేరువ గనుక, చీకటిపడిన పిమ్మట జనఘోష కెరటములుగా వినవచ్చెను. బిడ్డ యొకసారి ఉలికిపడి, నా వ్రేలు పట్టుకొని నిద్రపోయినది.

యూజీన్‌వారు 31–7 గెలిచిరి. ముసలమ్మ వచ్చి, “ఓడితిని. నీ అంట్లెక్కడ?” అని చేతులు మడచినది. వలదన్నను వినలేదు. నేను తుడుచుచుంటిని, ఆమె తోముచుండెను.

ఆట అంతటితో నిలిచిపోలేదు. 2024లో సెప్టెంబరు 14వ తేదిని కార్వాలిస్‌లోను, 2025లో సెప్టెంబరు 20వ తేదిని యూజీన్‌లోను ఆడిరి. రెంటను బాతులే గెలిచినవి. కాని సెప్టెంబరు వారికి వానలు రాని కాలము. ఎదురుచూపునకును కాలము తోడు కావలెను. అట్లతద్దిని చైత్రమున నోచినచో అట్లు అవే, చంద్రుడు నాటిచంద్రుడు కాడు. “అక్కయ్యా, ఆమె రెండుసార్లూ టీవీలోనే చూసింది. కోటు మాత్రం తలుపు వెనకనే ఉంది” అని తమ్ముడు చెప్పెను. నవంబరులో తొలిజల్లు పడిననాడు ఆమె దానిని తొడిగి, నదివంతెనదాక నడచివచ్చునట.