కిరాయి కట్టే మాంత్రికుడు

మాంత్రికుడంటే మనకో లెక్క ఉంది. ఊరికి దూరంగా గుహ, బారెడు గడ్డం, బలివ్వడానికి ఒక సాహసవంతుడైన కుర్రాడు. 1951లో ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు ఆ లెక్కను ఖరారు చేసేశారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, చిత్రా బొమ్మలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. ఇంతమందిలో ఒక్క మాంత్రికుడైనా ఇంటి కిరాయి కట్టినట్టు నేను చదవలేదు.

హ్యారీ డ్రెస్‌డెన్ కడతాడు. అదీ నెలనెలా తడుముకుంటూ. అమెరికా రచయిత జిమ్ బుచర్ పాతికేళ్ల వయసులో, రచన నేర్చుకునే తరగతి కోసం మొదలుపెట్టిన కథ ఇది. తొలి నవల ‘స్టార్మ్ ఫ్రంట్’ 2000లో వచ్చింది. ఇప్పటి చికాగో నగరంలో డ్రెస్‌డెన్‌కు ఆఫీసుంది, టెలిఫోన్ డైరెక్టరీలో మాంత్రికుడని పేరుంది. గంటకు యాభై డాలర్లు, ఖర్చులు అదనం. వశీకరణం మందులు మాత్రం అడగొద్దు. అంతుపట్టని హత్య జరిగితే పోలీసులు కబురు చేస్తారు. ఇంట్లో ఒక పుర్రె, అందులో బాబ్ అనే ఆత్మ. దానితో పని చేయించుకోవాలంటే శృంగార నవలలు లంచమివ్వాలి.

నాకు బాగా నచ్చింది అతని దరిద్రం. మాంత్రికుడి చుట్టుపక్కల యంత్రాలు పాడైపోతాయి. కంప్యూటరు చచ్చిపోతుంది, ఫోను గరగరలాడుతుంది. హీటరు పెట్టుకునే యోగం లేదు కనుక చికాగో చలిలో చన్నీళ్ల స్నానం. వేలికొసన నిప్పు పుట్టించగల మనిషికి వేడినీళ్లు లేవు! పాత ఫోక్స్‌వ్యాగన్ కారు మాటిమాటికీ మెకానిక్ దగ్గరే ఉంటుంది.

హైదరాబాదు బస్సులో ఈ పుస్తకాలు చదువుతూ, ఇతను మా షాద్‌నగర్‌కొస్తే ఏమవుతుందా అని చాలాసార్లు అనుకున్నాను. టోల్‌గేటు దగ్గరే ఫాస్టాగ్ మొరాయిస్తుంది, వెనక లారీలన్నీ హారన్లు మోగిస్తాయి. అది దాటినా, ఇక్కడ ఇస్రోవారి భూకేంద్రం ఉంది. ఆకాశంలో పోయే ఉపగ్రహాలు తీసిన భూమి బొమ్మల్ని పెద్దపెద్ద డిష్షులతో అందుకునే చోటు. ఆ గేటు ముందు డ్రెస్‌డెన్ కాసేపు నిలబడి తుమ్మితే చాలు, దేశానికి ఆ పూట బొమ్మలుండవు.

ఇంట్లో మాత్రం ఈ సరదా చెల్లదు. “ఏం సదువుతున్నవ్ బిడ్డా?” అంది మా పెద్దమ్మ ఒక రాత్రి. మంత్రగాడి కథ అన్నాను. “గసుంటియి ఇంట్ల సదవకు” అని లేచి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టలేను. పాలమూరు వైపు బాణామతి అనే మాట కాలక్షేపానికి పుట్టింది కాదు. చేతబడి నిజంగా ఎవరైనా చేశారో లేదో తేల్చే దిక్కుండదు. బర్రె చచ్చినా పిల్లకు జ్వరమొచ్చినా వేలు ఒక ముసలిదాని మీదికో, నోరులేని పేదవాడి మీదికో పోతుంది. ఆ అనుమానంతోనే తెలంగాణ ఊళ్లలో మనుషుల్ని కొట్టారు, చంపారు.

బుచర్ కథలో నన్ను కట్టిపడేసింది సరిగ్గా ఇక్కడ లేని ఆ దిక్కే. అక్కడ మాంత్రికులకు వైట్ కౌన్సిల్ అనే సభ ఉంది, ఏడు చట్టాలున్నాయి. మంత్రంతో మనిషిని చంపకూడదన్నది మొదటిది. తప్పితే తల తీసేస్తారు. కుర్రతనంలో ప్రాణం కాపాడుకోవడానికి గురువునే మంత్రంతో చంపిన డ్రెస్‌డెన్ మొదటి నవలలో ఆ కత్తి కిందే బతుకుతాడు. శక్తి ఉన్నవాడు జవాబు చెప్పుకోవాల్సిన లోకం అది. అందుకే అందులో భయం కూడా హాయిగా ఉంటుంది.

చట్టమున్నచోట సందు కూడా ఉంటుంది కదా. ఏడో నవల ‘డెడ్ బీట్’లో అదే తమాషా. చచ్చిన మనుషుల్ని లేపడం నిషేధం, జంతువుల ఊసు లేదు. మనవాడు మ్యూజియంలోని స్యూ అనే టీరెక్స్ డైనోసార్ ఎముకలగూడును లేపి, దానిమీదెక్కి చికాగో వీధుల్లో స్వారీ చేస్తాడు. వెనక కూర్చున్న శవపరీక్షల డాక్టరు డప్పు ఆపితే మంత్రం తెగిపోతుంది. ఆ అధ్యాయం చదువుతూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

తెలుగులో ఇలాంటివి లేవా అంటే, ‘తులసిదళం’ ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడిని గుహలోంచి లాక్కొచ్చి ఫోన్లు, డాక్టర్లు ఉన్న ఇంట్లో కూర్చోబెట్టారు. అయితే ఆ నవల మనల్ని దడిపించింది. చేతబడి చేసేవాడి పక్కన కూర్చుని టీ తాగనివ్వలేదు. ఆ టీ తాగించే రచయిత ఇంకా రావాలి. బస్టాండు పక్క గదిలో బోర్డు కట్టుకుని, బాణామతి నింద పడ్డ ముసలమ్మ తరఫున నిలబడే మాంత్రికుణ్ణి ఎవరైనా రాయండి, మొదటి కాపీ నేను కొంటాను.

ఈలోగా డ్రెస్‌డెన్‌ను చదవదలుచుకున్నవారికి ఒక మాట. మొదటి రెండు పుస్తకాల్లో రచయిత చెయ్యి ఇంకా తిరగలేదు. అవి చదివి పక్కన పడేయకండి. మూడోది ‘గ్రేవ్ పెరిల్’ దాకా ఓపిక పట్టండి.