సున్నం రాసిన కుండ

ఉద్దానం పేరు చెప్పగానే ఎవరికైనా కొబ్బరి, జీడిమామిడి, పనస గుర్తుకు వస్తాయి. పలాస అంటే ఇక చెప్పనక్కరలేదు, జీడిపప్పే. టెక్కలి దాటి సోంపేట వైపు సాగే దారిలో పొలం గట్ల మీదా, సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీదా నిలబడి ఉండే తాటిచెట్టును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది ఎవరూ పనిగట్టుకుని నాటినదీ, నీరు పోసి పెంచినదీ కాదు కాబట్టి కాబోలు. ఆ చెట్టు గురించీ, దాని నుంచి దిగే కల్లు గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఎన్నాళ్ళగానో ఉంది. కల్లు మీద కూడా వ్యాసమా అని ముఖం చిట్లించే మిత్రులు కాస్త ఓపిక పట్టాలని మనవి.

కల్లు చాలా పాత మాట. తమిళంలో 'కళ్', కన్నడ మలయాళాలలో 'కళ్ళు'. దాక్షిణాత్య భాషలు విడిపోకముందే మనవాళ్ళకు ఈ పానీయం తెలుసునన్నమాట. మా ప్రాంతంలో దీనిని వృత్తిగా చేసుకున్నవారు యాత, శెగిడి కులాల వారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలోనూ గంజాం, విశాఖపట్నం జిల్లాల ప్రసక్తితో ఈ రెండు పేర్లూ కనిపిస్తాయి. అప్పట్లో పలాస, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి.

తాటిచెట్టులో ఆడ, మగ వేరువేరు. పోతుతాడుకు పూగెలలే తప్ప కాయలుండవు. అయితే కల్లు రెండింటి నుంచీ వస్తుంది. పూగెలను కొన్ని రోజులపాటు మెల్లగా నొక్కి, తట్టి మెత్తబరచి, కొసను పలచగా చెక్కుతారు. దీనినే గీయడం అంటారు. గీత కార్మికుడన్న మాట అక్కడిదే. గీసిన చోట చుక్క చుక్కగా కారే రసాన్ని కుండలో పడతారు. పొద్దున, సాయంత్రం మళ్ళీ ఎక్కి మరో పలచని పొర తీయాలి. లోతుగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది, చెక్కకపోతే గాయం మానిపోయి ధార ఆగిపోతుంది. నడుముకు మోకు, కాళ్ళకు బంధం, చేతిలో కత్తి... రోజుకు ఇరవై చెట్లు ఎక్కే మనిషికి నేలకూ ఆకాశానికీ మధ్య ఉన్న భరోసా ఆ మోకు ఒక్కటే.

గెల నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉన్న తియ్యని రసం. గాలిలోనూ, పాత కుండ అంచులలోనూ ఉండే ఈస్టు, మరికొన్ని సూక్ష్మజీవులు ఆ చక్కెరను సారంగా మారుస్తాయి. కుండ లోపల సున్నం రాస్తే అవి పని చేయలేవు, రసం తియ్యగానే ఉండిపోతుంది. దానిని కాచితే తాటిబెల్లం. సున్నం రాసిన కుండది బెల్లం దారి, రాయని కుండది కల్లు దారి. అంతే తేడా.

చిన్నతనంలో మాకు సున్నపు కుండ రసం పోసే ముసలాయన్ని గీతతాత అని పిలిచేవాళ్ళం. దొప్పలో పోసి "సూరీడెక్కీలోగా తాగీండి బాబూ, ఎక్కిపోనాక ఇది పిల్లల సరుకు కాదు" అనేవాడు. ఆ రుచి వర్ణించడం నా వల్ల కాదు.

థాయిలాండులో పెట్చబురి ప్రాంతం తాటిబెల్లానికి ప్రసిద్ధి. అక్కడ రసం పులియకుండా పాత్రలో వగరు కర్రముక్కలు వేస్తారట. చెట్టు అదే, చిక్కూ అదే, ఉపాయమే వేరు. అది చదివినప్పుడు నాకు గీతతాతే గుర్తుకు వచ్చాడు.

కల్లుకు మరో గుణముంది. అది నిలవ ఉండదు. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. అందుచేత దూరం పోలేదు. మనిషే చెట్టు కిందికి పోవాలి. మందస, మెళియాపుట్టి కొండల్లో సవరలకు జీలుగు కల్లు ఉంది, ఇప్పపూల సారా ఉంది. ఇప్పపూలు ఎండాకాలం రాత్రుళ్ళు రాలితే, తెల్లవారాక ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిసిన తరువాత బట్టీ పెడతారు. పెద్దలకు ఆరబోసి కానీ తాము తాగరు. అదీ ఆ కొండ మీదిదే, ఆ పూల రోజులదే.

సారాను వ్యాపారం చేసింది బెల్లపు ఊట. బెల్లానికి రుతువు లేదు, బట్టీ దించిన సారా చెడిపోదు, ఎంత దూరమైనా పోతుంది. 1980లలో ప్రభుత్వమే దానిని 'వారుణి వాహిని' పేరిట పొట్లాలలో పల్లెలకు చేర్చింది. మనిషి చెట్టు కిందికి వెళ్ళే రోజులు పోయి, సారాయే మనిషి గుమ్మానికి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడింది దాని మీదే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు... ఇదంతా మీకు తెలిసిన కథే.

అంతకు ముందరి కథ మాత్రం మా తీరానిది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలంతో మొదలైన మద్యనిషేధం 1948కి రాష్ట్రమంతటా పరుచుకుంది. చట్టం కల్లునూ సారానూ ఒకే గాటన కట్టింది. గీసేవాళ్ళు నీరా తీసి బెల్లం చేసుకోవాలన్నారు పెద్దలు. మాట మంచిదే. కానీ బెల్లానికి వంటచెరకు కావాలి, గంటల తరబడి పొయ్యి ముందు కూర్చునే ఇల్లాలు కావాలి, చివరకు గిట్టుబాటు ధరా కావాలి. బారువలో గీత వృత్తి కుటుంబంలో పుట్టిన గౌతు లచ్చన్న ఈ బాధ తెలిసినవాడు. ప్రకాశం పంతులు మంత్రివర్గంలో ఉండి కూడా గీతకార్మికుల కోసం పదవి వదులుకున్నాడు. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం మద్యనిషేధం మీది వివాదంలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రరాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని దింపింది ఒక విధంగా తాటిచెట్టే!

కల్లును నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. దానివల్ల చెడిన కొంపలు మా ఊళ్ళోనూ ఉన్నాయి. కానీ చెట్టుకూ రుతువుకూ కట్టుబడిన దానికీ, ఏ కట్టుబాటూ లేని దానికీ తేడా ఉంది. ఆ తేడా చూడని చట్టం రాయని కుండతోపాటు సున్నం రాసిన కుండనూ బద్దలు కొట్టింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా దిబ్బ మీది తాళ్ళు చాలావరకు నిలిచాయి. వాటిని తరువాత ఇటుక బట్టీలకు అమ్మేశారు. గీతతాత మనవలు విశాఖలో వెల్డింగు పనిలో ఉన్నారు. తాత మోకు ఏమైందని అడిగితే పడవవాళ్ళెవరో పట్టుకుపోయారన్నారు. తాడు గట్టిది, పనికి వస్తుందని.