బొమ్మ దగ్గర చేసిన తప్పు

గత నెలలో ఒక సాయంత్రం మా వీధి అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చింది. నర్సింగు పూర్తిచేసి, ఈమధ్యనే ఒక ఆసుపత్రి ప్రసూతి విభాగంలో చేరింది. శిక్షణలో భాగంగా పసిబిడ్డ బొమ్మకు తాను శ్వాస అందిస్తుండగా తోటివారు తీసిన వీడియోను ఫోనులో చూపించింది.

“డాక్టరు గారూ, మాస్కు గట్టిగానే పట్టాననుకున్నానండీ. వీడియో చూశాకగాని తెలియలేదు, బొమ్మ ఛాతీ కదలనే లేదు” అన్నది.

ఆ మాటకు నేను కొంతసేపు బదులు చెప్పలేకపోయాను. నలభై ఏళ్ల క్రితం నేను చేసిన తప్పూ అదే. ఆనాడు నా ముందున్నది బొమ్మ కాదు.

అప్పటికి నా చదువు ముగిసి ఏడాది కాలేదు. వేరొక ప్రాంతంలో, ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి విధుల్లో ఉన్నాను. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఏం చేయాలో పుస్తకంలో చదివాను. పెద్దలు చేస్తుండగా రెండు మూడుసార్లు చూశాను. నా చేతితో ఒక్కసారీ చేయలేదు. సక్షన్ గొట్టంతో నోరూ ముక్కూ మళ్లీ మళ్లీ శుభ్రం చేస్తూ ఉండిపోయాను. చివరకు అంబు బ్యాగ్ అందుకున్నాను గాని, గాలి మాస్కు అంచుల నుంచి బయటికే పోయింది. ఆ బిడ్డ దక్కలేదు. ఆలస్యం చేయలేదనే చాలా కాలం నమ్మాను. గడియారం ఏం చెప్పి ఉండేదో ఇప్పుడు ఊహించగలను.

పుట్టిన వెంటనే బిడ్డను పొడిగుడ్డతో తుడవాలి, వీపు నిమిరి ప్రేరేపించాలి. అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం లోపునే బ్యాగ్, మాస్కులతో గాలి అందించాలి. ఆ అరవై సెకన్లనే వైద్యులు ‘గోల్డెన్ మినిట్’ అంటారు. తల మరీ వంగకూడదు, మరీ వెనక్కి వాలకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కును ముఖానికి అదిమి పట్టాలి; మిగిలిన వేళ్లు దవడను పైకెత్తి ఉంచాలి. బ్యాగ్ నొక్కినప్పుడల్లా ఛాతీ పైకి లేస్తున్నదా లేదా అన్నదే అసలైన పరీక్ష. చదివితే నాలుగు వాక్యాలు. చేతికి పట్టుబడాలంటే పదులసార్లు చేయాలి. గట్టు మీద కూర్చుని ఈత నేర్చినవాడు ఎవడూ లేడు.

బొమ్మలతో వైద్యం నేర్పడం కొత్త సంగతి కాదు. 1759లో ఫ్రాన్స్ రాజు పదిహేనవ లూయీ అనుమతితో మదామ్ ద్యూ కుద్రే అనే మంత్రసాని, గుడ్డతో కుట్టిన ప్రసవపు బొమ్మను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగి పల్లెటూరి స్త్రీలకు కాన్పు చేయడం నేర్పింది. మన దేశంలో 2009లో ‘నవజాత శిశు సురక్షా కార్యక్రమం’ మొదలైంది. 2010లో అమెరికా శిశువైద్యుల సంఘం ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ అనే శిక్షణను రూపొందించింది. అందులో వాడే బొమ్మలో గోరువెచ్చని నీరు నింపితే నిజమైన బిడ్డ బరువు తెలుస్తుంది. మాస్కు సరిగా అమరితేనే దాని ఛాతీ లేస్తుంది. పొరుగున కర్ణాటకలో గ్రామీణ ఆరోగ్య కేంద్రాల వారికీ ఈ శిక్షణ ఇచ్చి పరిశీలించినప్పుడు, మృతశిశు జననాలు నూటికి 3 నుంచి 2.3కు తగ్గాయి. ఊపిరి అందిస్తే బతికే బిడ్డలను కూడా అంతకుముందు మృతశిశువులుగానే లెక్కిస్తున్నారేమోనన్న తలంపు నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

వీడియో చేసే మేలు వేరు. ఖాట్మండులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ప్రసూతి గదిలో కెమెరాలు అమర్చి పరిశీలించిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అవసరానికి మించి సక్షన్ చేస్తున్నారనీ, గాలి అందించడం తక్కువగా, ఆలస్యంగా జరుగుతున్నదనీ తేలింది. చదివినప్పుడు నా కథనే ఎవరో రాసినట్లనిపించింది. ఆందోళనలో ఉన్న మనిషికి కాలం తెలియదు. జ్ఞాపకం కూడా మనల్ని కాపాడే విధంగానే చెబుతుంది. కెమెరాకు మొహమాటం లేదు.

అయితే ఒక్కరోజు శిక్షణతో పని అయిపోయిందనుకుంటే పొరపాటే. టాంజానియాలోని హైడోమ్ ఆసుపత్రిలో ఒకరోజు శిక్షణ తరువాత సిబ్బంది బొమ్మ దగ్గర చక్కగా చేశారు. నిజమైన కాన్పుల్లో మాత్రం మార్పు కనిపించలేదు. అప్పుడు బొమ్మను ప్రసూతి గదిలోనే ఉంచి, వారం వారం మూడు నుంచి ఐదు నిమిషాలు సాధన చేయించారు. పుట్టిన 24 గంటల్లోపు శిశు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గాయి. ముందు వెనుకలను పోల్చిన అధ్యయనం కనుక ఆ ఘనతంతా సాధనదేనని ముద్ర వేయలేము. కానీ వారానికి ఐదు నిమిషాలు ఏ ఆసుపత్రికీ భారం కాదు.

మా గంపలగూడెం మండలంలో కట్టలేరు పొంగినప్పుడు కొన్ని ఊళ్లకు రాకపోకలు నిలిచిపోతాయి. అలాంటి రాత్రి తిరువూరు నుంచో విజయవాడ నుంచో నిపుణుడు వచ్చేదాకా ఆ నిమిషం ఆగదు. దగ్గరున్న నర్సు చేతులే ఆ బిడ్డకు దిక్కు.

అందుకే నా విన్నపాలు మూడు. గర్భిణి ఉన్న కుటుంబాలు కాన్పుకు ముందే ఆసుపత్రికి వెళ్లి, పసిబిడ్డకు సరిపడే బ్యాగ్, మాస్కు ఉన్నాయా, ఎప్పుడు సాధన చేశారు అని మర్యాదగా అడగండి. వైద్య సిబ్బంది శిక్షణ బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేయకుండా, చేతికందే చోట ఉంచండి. ఫోనుతో మీ సాధనను మీరే చిత్రీకరించి చూసుకోండి. తల్లినీ బిడ్డనూ మాత్రం అనుమతి లేకుండా ఎన్నడూ చిత్రీకరించకండి. ఇక పెద్ద డాక్టర్లు తమ వీడియోను ముందుగా చూపించాలి. పెద్దవారు తమ పొరపాటును ఒప్పుకున్న చోటే చిన్నవారు భయం లేకుండా నేర్చుకుంటారు.

ఆ అమ్మాయికి ఆనాటి సంగతి చెప్పాను. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పని మాట అది. ఆమె నిశ్శబ్దంగా విని, “మళ్లీ చేసి చూపిస్తానండీ” అన్నది. మరుసటి వారం ఇంకో వీడియో తెచ్చింది. ఈసారి నలభై సెకన్లకే మాస్కు అమరింది, ఛాతీ లేచింది. ఇద్దరం ఆ వీడియోను రెండుసార్లు చూశాము.