నాన్న అడిగిన తబలా

లండన్‌లో థేమ్స్ ఒడ్డున బార్న్స్ అనే పేట. చర్చ్ రోడ్డులో ఒలింపిక్ సినిమా హాలు ముందు నిలబడ్డాను. 1906లో కట్టిన భవనం. ఒకప్పుడు సినిమా హాలే. తర్వాత పేరుమోసిన రికార్డింగ్ స్టూడియో. 2009లో అది మూతపడితే, 2013లో మళ్లీ సినిమాకే వచ్చింది. కల్యాణమండపాలైన మన టాకీసులకు ఆ అదృష్టమేదీ!

లెడ్ జెప్లిన్ కుర్రాళ్లు నలుగురూ 1968లో తొలి ఆల్బం రికార్డు చేసింది ఇక్కడే. మొత్తం 36 గంటల పనేనట! రెండు పాటల మీద షికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పేరుంటుంది. జిమ్మీ పేజ్ గిటార్ ఓచోట ఏడుస్తుంది, ఓచోట కసురుతుంది. వయొలిన్ కమానుతో కూడా దాన్ని పలికించాడు మహానుభావుడు!

ఇంట్లో ఆ క్యాసెట్ పెడితే నాన్న "ఆపరా ఆ గోల!" అనేవారు. 'బ్లాక్ మౌంటెన్ సైడ్' రాగానే మాత్రం పేపరు దించి, "తబలా ఎవర్రా?" అనేవారు. ప్రతిసారీ తెల్లమొహం వేసేవాణ్ణి. వాయించింది విరామ్ జసానీ అని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి నాన్న లేరు.

టికెట్టు కొని లోపలికెళ్లాను. ఏ సినిమా ఆడుతోందో అడగనే లేదు.