బరువులెత్తిన తరువాత ఏమి తినాలి?

మా గుడిబండకు చెందిన ఒక కుర్రవాడు హిందూపురంలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు జిమ్‌లో బరువులెత్తుతున్నాడు. మొన్న ఆదివారం తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. వ్యాయామం ముగియగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయట. బి.పి. బాగానే ఉంది. విచారిస్తే, మధ్యాహ్న భోజనం తరువాత రాత్రి వరకు కడుపులో పడేది నీళ్లలో కలిపిన ప్రోటీన్ పొడి ఒక్కటే. ఆ డబ్బా ధర విని తల్లి ముఖం చూశాను. శనక్కాయలు అమ్మిన డబ్బది.

బరువులెత్తినప్పుడు కండర తంతువులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. వాటిని బాగుచేసేది ప్రోటీను, విశ్రాంతి. కండరాలలో నిల్వ ఉన్న చక్కెర కూడా తరుగుతుంది కనుక ధాన్యాహారమూ అవసరమే. అరగంటలో తినకపోతే శ్రమంతా వృథా అనే ప్రచారం అతిశయోక్తి. రెండు గంటలలోపు చక్కటి భోజనం చేస్తే చాలు. సామాన్యులకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీను చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. క్రమంగా బరువులెత్తేవారికి 1.2 నుండి 1.6 గ్రాములు కావాలి. పొడులు మానుకోవడమే మేలని ఆ సంస్థే 2024లో సూచించింది. పొడి విషమని నేననను. అన్నం స్థానంలో అది కూర్చోవడమే నాకు అభ్యంతరం.

గుప్పెడు ఉడికించిన శనక్కాయ గింజలు, రెండు గుడ్లు తింటే సుమారు ఇరవై గ్రాముల ప్రోటీను వస్తుంది. ఆపై రాగి ముద్ద, ఉలవల పులుసు. మన పొలంలో పండినవే! చెమట ఎక్కువగా పోసిన రోజున ఉప్పు వేసిన పలుచని మజ్జిగను మించినది లేదు. వ్యాయామంలో కిలో బరువు తగ్గితే, లీటరు నుండి లీటరున్నర ద్రవం కొద్దికొద్దిగా తాగాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రోటీను పెంచేముందు వైద్యుని సంప్రదించి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా విని ఆ తల్లి, "దినమంతా మూటలు మోసేదాన్ని, మరి నేనేం తినల్ల సార్?" అంది.

నా సర్వీసులో ఏ స్త్రీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. అందరూ తిన్నాక మిగిలినది తింటుందట. హిమోగ్లోబిన్ పరీక్షకు చీటీ రాసిచ్చి, రెండు కాదు, నాలుగు గుడ్లు ఉడికించమని కుర్రవాడికి చెప్పాను.