మబ్బుకు ముహూర్తంతో పనేంటి!

అనంతగిరి కొండల్లో పెళ్లి... వినడానికి ఎంత బాగుంటుందో! తీరా ఆ రోజు వచ్చాక కొందరికి మిగిలేది తడిసిన పట్టుచీర, ఏమీ కనిపించని ఫొటో. ఎందుకలా? ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాళ్ల పెళ్లిళ్లు చూస్తే జవాబు దొరుకుతుంది.

శుభలేఖ మీద కొండ బొమ్మ. కొండ నడుముకి చుట్టుకున్న మబ్బు. కింద ‘వేదిక: అనంతగిరి’ అన్న రెండు మాటలు. ఇక చూస్కోండి... చుట్టాలంతా ఫోన్లు అందుకుంటారు. ‘స్వెట్టర్లు తెచ్చుకోవాలా వదినా?’ అని ఒకరు, ‘బస్సు పెడుతున్నారా, మేమే రావాలా?’ అని ఇంకొకరు. ఊళ్లో ఫంక్షన్‌హాల్లో అయితే ‘చూద్దాంలే’ అనేవాళ్లు కూడా దీనికి బయల్దేరతారు. పెళ్లికి పెళ్లి, విహారానికి విహారం మరి!

అనంతగిరి అనగానే హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ పక్కనున్న కొండలు గుర్తొస్తాయి. మనం చెప్పుకుంటున్నది అది కాదు. విశాఖపట్నం నుంచి అరకులోయకు వెళ్లే దారిలో, సముద్రమట్టానికి మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉండే అనంతగిరి. ఒకప్పుడు విశాఖ జిల్లా. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. సిల్వర్‌ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ తోటలు... 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పండే సీమ ఇది.

పెళ్లి ఫొటోలకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కావాల్సింది ఒకటుంది. ఆ రోజు కొండ కనిపించాలి!

పంచాంగం ఒకలా... కొండ ఇంకోలా!

మన ముహూర్తాలకు ఓ లెక్క ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. భాద్రపదంలో ఉండవు. ధనుర్మాసం పట్టాక సంక్రాంతి దాకా ఆగాలి. మధ్యలో మూఢం వస్తే అదీ పోయింది. మిగిలిన రోజుల్లోంచే అమ్మాయికీ అబ్బాయికీ కుదిరేది చూసుకోవాలి.

కొండకూ ఓ లెక్క ఉంది. అది పంచాంగంతో ఎప్పుడోగానీ కలవదు. శ్రావణం వచ్చిందంటే కింద పట్నాల్లో బాజాలే బాజాలు. కొండమీద మాత్రం వానే వాన. పొద్దున కాస్త తెరిపిచ్చినా మధ్యాహ్నానికి మబ్బు రోడ్డు మీదికి దిగిపోతుంది. వైశాఖంలో సాయంత్రమైతే ఉరుములు, ఈదురుగాలులు. ఆశ్వయుజ, కార్తీకాల్లో బంగాళాఖాతం తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ విశాఖతోపాటు ఈ కొండల్నీ కుదిపేసింది. కాఫీకి నీడనిచ్చే చెట్లు పెద్దసంఖ్యలో కూలిపోయాయి.

మరి కొండ అందంగా ఉండేదెప్పుడు? వలిసె పూలు పొలాలన్నిటినీ పసుపు చేసే నవంబరు, డిసెంబరుల్లో. పొద్దుటి మంచు గడ్డిమీద ముత్యాల్లా నిలిచే చలికాలంలో. అందులో సగం రోజులు ధనుర్మాసానికే పోతాయి. కార్తీకం చివరా మార్గశిరం మొదట్లో దొరికే కాసిని ముహూర్తాలకు అందరూ పోటీయే. గది దొరకదు, వంటవాడు దొరకడు. అన్నీ దొరికాయనుకుంటే రోడ్డు దొరకదు. సెలవు రోజుల్లో ఈ ఘాట్‌రోడ్డు మీద పర్యాటకుల బళ్లు బారులు తీరతాయి. ముహూర్తం వేళకు పురోహితుడు మలుపు దగ్గర, మంగళసూత్రాలున్న కారు ఇంకో మలుపు దగ్గర ఆగిపోతే ఎవరిని అనగలం!

గాలికొండ దగ్గర...

అనంతగిరి దాటాక అరకు వైపు వెళ్తుంటే గాలికొండ వ్యూపాయింట్ వస్తుంది. తెరిపిగా ఉన్నరోజు అక్కణ్నుంచి చూస్తే కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. ఓ శ్రావణమాసం ఉదయం అక్కడ ఆగితే ఒక్క కొండా లేదు. పదడుగుల దూరంలో ఏముందో తెలీదు. ఆ తెల్లదనంలోనే ఓ కొత్తజంట. పెళ్లికూతురి జడలో పూలు తడిసి వేలాడుతున్నాయి. పెళ్లికొడుకు పంచె అంచు నిండా బురద. ఫొటోగ్రాఫర్ మాత్రం ‘ఇంకో పది నిమిషాలు మేడమ్, తేలిపోతుంది’ అంటున్నాడు. అలా అనడం అది ఎన్నోసారో! ‘ఇంత ఖర్చుపెట్టి ఇంతదూరం వచ్చింది దీనికా?’ అని పెళ్లికొడుకు తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసింది.

పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న గిరిజన అవ్వ చాలాసేపటి నుంచి చూస్తోంది. ‘ఏటమ్మా, మబ్బు దిగినాక కొండేటి కనపడతాది? పిల్లలు వణికిపోతన్నారు. ముందు వచ్చి సెగ కాసుకోండి’ అంది. జంట వెళ్లి నిప్పుల దగ్గర కూర్చుంది. చెరో పొత్తూ అందుకున్నాక అప్పటిదాకా బిగుసుకుపోయిన పిల్ల మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఫొటోగ్రాఫర్ అప్పుడు కెమెరా తుడుచుకుంటున్నాడు!

ఒక్కరోజు పెళ్లి కాదు

కొండదొరలు, కోదులు, వాల్మీకులు, నూకదొరలు, కొటియాలు, గదబలు... ఈ కొండల్లో ఎన్నో తెగలవాళ్లుంటారు. పద్ధతులు తెగ తెగకూ మారినా పెళ్లి విషయంలో కొన్ని పోలికలున్నాయి. పిల్లనడగడానికి అబ్బాయి తరఫు పెద్దలు కల్లో సారానో తీసుకుని వెళ్తారు. ఒక్కసారి వెళ్తే సరిపోదు, పదేపదే తిరగాలి. కట్నం ఇటునుంచి అటు కాదు, అటునుంచి ఇటు. అబ్బాయివాళ్లే అమ్మాయివాళ్లకు ఓలి ఇచ్చుకోవాలి. డబ్బు, ధాన్యం, పశువులు... ఏది కుదిరితే అది. మంచిరోజు చెప్పేది దిశారి. పెళ్లిళ్లు ఎక్కువగా పంటలు ఇంటికొచ్చి, చేతిలో కాస్త గింజలూ కాస్త తీరికా ఉన్నప్పుడే.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇంకోటుంది. ఇష్టపడ్డ అమ్మాయీ అబ్బాయీ వెళ్లిపోయి కాపురం పెట్టేస్తే తర్వాత పెద్దలు కూర్చుని ఓలి తేలుస్తారు. విందు మాత్రం చేతిలో ఉన్నప్పుడే. ఏడాది పట్టొచ్చు, అంతకంటే ఎక్కువా పట్టొచ్చు. అప్పటికి చంకలో బిడ్డ ఉన్నా ఎవరూ వింతగా చూడరు. ఆ రాత్రి డప్పు, తుడుము, మోరి మోగుతాయి. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని థింసా మొదలుపెడితే తెల్లారేదాకా ఆగదు. వాన వస్తే ఓ గంట చూరు కింద నిలబడతారు. తగ్గాక మళ్లీ ఆడతారు. చుట్టాలు రేపొచ్చినా ఫర్వాలేదు. పాడైపోవడానికి అక్కడ ‘ఒకే ఒక్క రోజు’ లేదు కదా!

అలాగని అక్కడంతా బంగారమేమీ కాదు. ఓలి కోసం చేసిన అప్పులు ఏళ్లతరబడి తీరవు. విందులో సారా ఎక్కువై గొడవలవుతాయి. చిన్నవయసు పెళ్లిళ్లూ పూర్తిగా ఆగలేదు. ఇక దారి కష్టం సరేసరి. ఇదే అనంతగిరి మండలంలో రోడ్డులేక నిండుచూలాలిని డోలీలో మోసుకొచ్చిన వార్తలు ఎన్నిసార్లు చదివామో. 2024 డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పినకోట పంచాయతీలోని బల్లగరువుకు వచ్చి గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన చేసింది ఆ బాధ తీర్చడానికే. అలాంటి ఊళ్లలో పెళ్లంటే బియ్యం బస్తా, వంటపాత్రలు మనుషులే మోసుకుని కొండెక్కాలి. ఫొటో రాలేదన్న బెంగ అక్కడ ఉండదు. తిండి అందరికీ సరిపోయిందా, వచ్చినవాళ్లు క్షేమంగా ఇళ్లకు చేరారా... అంతే.

పాడైంది రోజేగా!

పెళ్లిరోజు గొప్పగా జరిగితే కాపురం గొప్పగా ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు. 1981లో చార్లెస్, డయానాల పెళ్లిని టీవీల్లో ప్రపంచమంతా కళ్లప్పగించి చూసింది. 1996లో విడాకులయ్యాయి. అదే ఇంట్లో 1947 నవంబరు 20న రెండో ఎలిజబెత్ పెళ్లి. ముస్తాబవుతుంటే తలమీది కిరీటం పుటుక్కున విరిగింది. ఆదరాబాదరాగా నగల పనివాడితో అతికించి పెట్టుకున్నారు. ఆ కాపురం 2021లో ఫిలిప్ పోయేదాకా 73 ఏళ్లు సాగింది.

అంతదూరం దేనికి... 2020 వేసవి గుర్తుందా? మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. మంచి ముహూర్తాలన్నీ అందులోనే. హాళ్లకిచ్చిన అడ్వాన్సులు పోయాయి. తర్వాత యాభైమందికే అనుమతి అన్నారు. మాస్కులు పెట్టుకుని, ఇంటి హాల్లో, బంధువులు వీడియోకాల్లో అక్షింతలు వేస్తుంటే తాళి కట్టించుకున్న జంటలు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఆ రోజు ఏడ్చారు. ఇప్పుడు వాళ్ల పిల్లలకు అదే కథగా చెబుతున్నారు.

కాబట్టి పెద్దవాళ్లూ... కొండమీద పెళ్లి చేయాలన్న ముచ్చట పిల్లలకుంటే కాదనకండి. కానీ ఆ ముచ్చటనంతా ఒక్క ఉదయం మీద పెట్టకండి. తాళి కట్టడం, భోజనాలు పైకప్పు ఉన్నచోట పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మా తాతయ్యలు, మలుపులు పడనివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటే కిందనే పెళ్లి జరిపించి కొత్తజంటను తర్వాత కొండకు పంపడం మేలు.

వెళ్లేవాళ్లకు...

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్‌రోడ్డు మొదలవుతుంది. అనంతగిరి అరకుకు ముందే వస్తుంది. 2021 ఫిబ్రవరి 12న పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయింది ఈ దారిలో దముకు దగ్గరే. పెళ్లిబస్సులు చీకటి పడకముందే కొండ దిగేలా చూసుకోవాలి. రైల్లో అయితే విశాఖ-కిరండూల్ మార్గం. సొరంగాల మీద సొరంగాలు. 2017 నుంచి అద్దాల బోగీ కూడా ఉంది. బొర్రాగుహలు స్టేషన్లో దిగితే గుహలు చూసుకుని రోడ్డు మీదుగా అనంతగిరి చేరొచ్చు.

ముహూర్తం ఫాల్గుణంలోనో మాఘంలోనో దొరికితే వదలకండి. వానలుండవు, కొండ కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఓ జల్లు పడితే కాఫీ తోటలన్నీ తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసనతో. ఆ పూత మూడునాలుగు రోజులే. అది కనిపించాలని మాత్రం పంతం పట్టకండి. కనీసం రెండు రోజులుండేలా వెళ్లండి. మొదటిరోజు మబ్బు దిగితే, రెండోరోజు ఉంటుంది కదా!